తాతగారి కారుకి కొత్త ఇంజను

పన్నెండేళ్లు పని చేసినా నూకరాజు ఒక్క బండి తాళం కూడా తన చేత్తో ఎవరికీ ఇచ్చి ఎరగడు. అదీ అతని బాధ.

బంగారయ్య మేస్త్రి షెడ్డులో పద్ధతి అలాంటిది. ఇంజను ఎవరు విప్పినా, ఎవరు బిగించినా, చివర్న తాళం ఇచ్చేది మాత్రం మేస్త్రే. ఇచ్చే ముందు బండి చుట్టూ ఒకసారి తిరుగుతాడు. తాళం బండిగలాయన అరచేతిలో పెట్టి, "ఇంక నాది పూచీ" అంటాడు. ఆ మాట అన్నాక ఆ బండి ఏ ఊళ్లో ఆగిపోయినా, కబురొస్తే చాలు, పనిముట్ల సంచి పట్టుకుని బస్సెక్కేస్తాడు. ఒకసారి ఇచ్ఛాపురం దాకా వెళ్లి వచ్చాడు. ఎందుకు ఆగిందని అడిగితే, డీజిలు అయిపోయిందట. ఆ సంగతి చెప్పి ఆయన నవ్వలేదు, మేమే నవ్వుకున్నాం.

అనకాపల్లిలో ఆ షెడ్డుకి ఎదురుగా నేను కార్ల సీట్లు కుట్టుకునేవాణ్ణి. మిషను మీంచి తలెత్తితే ఆ షెడ్డే కనిపించేది. పాతికేళ్లు అలా చూశాను కాబట్టి చెప్పగలను, నూకరాజు చాలా మంచి పనివాడు. ఆ మాట అతనికి చెప్పకూడదన్నంత మంచి పనివాడు. ఇంజను మీద స్క్రూడ్రైవరు ఆనించి, దాని పిడి చెవికి పెట్టుకుని, లోపల ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. ఆ చెప్పడంలో కొంచెం గొంతు పెంచేవాడు. రోడ్డు మీద పోయేవాళ్లకి కూడా వినిపించాలని కాబోలు.

ఒకరోజు టీ తాగుతూ గురువుని అడిగేశాడు.

"గురువుగారూ, నాకింకా ఏటి రాదో సెప్పండి. నేర్సుకుంతాను."

మేస్త్రి టీ ఊదుకున్నాడు. "అన్నీ వచ్చును."

"మరి తాళం ఎప్పుడిత్తాను?"

మేస్త్రి గ్లాసు కడిగి బోర్లించి, ఓ జీపు కిందకి దూరిపోయాడు. నూకరాజు ఆ పూటంతా రెంచీలు విసిరి విసిరి పెట్టాడు.

ఆ తరవాతి వారమే హిమజ వచ్చింది.

ట్రాక్టరు వెనక తాడు కట్టి లాక్కొచ్చిన అంబాసిడరు కారు, దాని స్టీరింగు దగ్గర ఆ అమ్మాయి. ఇరవై రెండేళ్లుంటాయి. కారు మీగడ రంగుది, వాళ్ల తాతగారిది. ఆయన పశువుల డాక్టరు దగ్గర కాంపౌండరుగా చేసి, ఆ కారులోనే చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి ఆవులకీ గేదెలకీ సూదులు వేసేవాడట. ఆయన పోయాక తొమ్మిదేళ్లు పశువులసాలలోనే పడి ఉంది. డిక్కీలో ఎండుగడ్డి ఇంకా అలాగే ఉంది. మేస్త్రి బానెట్ ఎత్తి చూశాడు. ఇంజను దిమ్మ నిలువునా పగిలిపోయింది. అతకడానికి పనికొచ్చే పగులు కాదు.

"నాకు పాడేరు పైన పశువుల ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చిందండి," అంది హిమజ. "ఒకటో తారీకున చేరాలి. వారం వారం కొండ దారిన ఘాటీ ఎక్కి దిగాలి. తాతగారి కారులోనే వెళ్లాలని నాకు."

"బస్సుంది గదమ్మా?" అన్నాడు మేస్త్రి.

"బస్సు ఊరి సెంటర్లో ఆగిపోతుందండి. మందలు సెంటర్లో ఉండవు కదా."

ఈ జవాబు మేస్త్రికి నచ్చింది. ఆయన మొహంలో ఏదీ కనిపించదు గానీ, నచ్చినప్పుడు చెవి గోక్కుంటాడు. గోక్కున్నాడు.

"కారు నేర్చుకుని ఎన్నాళ్లయింది?"

"లైసెన్సొచ్చి నాలుగు నెలలండి."

"ఓసారి కూకో తల్లీ. తోలక్కర్లేదు, ఊరికే కూకో." ఆ అమ్మాయి కూర్చుంది. ఆయన తలుపు తీసి పట్టుకుని, వంగి లోపలికి చూస్తూ, ఉన్నట్టుండి, "అదిగో గేదె" అన్నాడు.

హిమజ ఉలిక్కిపడింది. రెండు కాళ్లూ ఒక్కసారే కిందకి దిగిపోయాయి. ఎడం కాలు క్లచ్చి మీద, కుడికాలు బ్రేకు మీద.

పక్కనే ఉన్న నూకరాజు నవ్వాడు. "కొత్తోళ్లందరూ అంతేనమ్మా. భయమేత్తే రెండు కాళ్లూ తొక్కేత్తారు."

మేస్త్రి తలుపు మెల్లగా మూశాడు. నూకరాజు వైపు తిరిగాడు.

"నూకా. ఈ బండి నీది. ఏ ఇంజను ఎయ్యాలో నువ్వే సూసుకో. నేను సెయ్యి ఎట్టను, నోరు ఎట్టను. తాళం కూడా నువ్వే ఇద్దువు గాని."

కాసేపయ్యాక నూకరాజు మా వరస షాపులన్నిటికీ జిలేబీ పంచాడు. నాకు రెండు ఎక్కువ పెట్టాడు.

"ఎలాంటి ఇంజను కావాలమ్మా?" అని హిమజని అడిగాడు.

"నాకేం తెలుసన్నా? ఘాటీలో మధ్యలో మొరాయించకూడదు. అంతే."

"మొరాయించడమా? జీపుల్ని దాటుకుని పోతావు. సూత్తావు గదా."

ఆ అమ్మాయి కళ్లు మెరిశాయి. ఇరవై రెండేళ్ల వయసు మరి.

నూకరాజు విశాఖపట్నం పోయి, పాత సామాన్ల దుకాణాలు మూడు రోజులు గాలించి, ఒక వ్యాను నించి తీసిన డీజిలు ఇంజను పట్టుకొచ్చాడు. నలుగురు పట్టి దించారు. కారులో ఉన్న పాత ఇంజను దాని ముందు అన్నదమ్ముల్లో చిన్నవాడిలా ఉంది. మేస్త్రి వచ్చి దాని మీద అరచెయ్యి ఆనించాడు.

"బరువెంతరా?"

"బరువున్నాది గాని గురువుగారూ, బలం కూడా అలగే ఉన్నాది. పాతదానికి రెండింతలు."

మేస్త్రి చెయ్యి తీసేసుకున్నాడు. నోరు పెట్టనన్నాడు, పెట్టలేదు.

తరవాత మూడు వారాలు నేను చూసిన పని మళ్లీ చూడలేదు. చైను కప్పీతో పాతదాన్ని పైకి లేపాడు. కొత్తది కూర్చోవడానికి ముందు చట్రం కోసి, కొత్త ఆధారాలు వెల్డింగు చేశాడు. ఈ ఇంజనుకీ వెనక చక్రాలకీ మధ్య తిరిగే షాఫ్టుని కొలత ప్రకారం పొట్టి చేయించాడు. రేడియేటరు పెద్దది పెట్టాడు. ముందు భాగం బరువుకి వంగితే దాన్నీ సరిచేశాడు. బండి రిజిస్ట్రేషను కార్డులో ఇంజను మార్పు రాయించడానికి అర్జీ దగ్గరుండి పెట్టించాడు. భోజనానికి ఇంటికి పోవడం మానేశాడు. మిగతా షెడ్లవాళ్లు వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లేవాళ్లు. మా వరసలో అంతకంటే పెద్ద మెచ్చుకోలు లేదు.

బ్రేకులు కూడా విప్పాడు. కడిగి, కొత్త లైనింగులు వేసి, చక్రాల లోపలి పాత డ్రమ్ముల్లోనే మళ్లీ బిగించాడు. తప్పేం చేశాడని అనలేం. ఆ డ్రమ్ములు బాగానే ఉన్నాయి. కాకపోతే అవి పాత ఇంజను బరువుకి, పాత ఇంజను వేగానికి సరిపోయేలా చేసినవి.

నేను సీట్లు కుట్టాను. తాతగారి సీటు రంగే ఉండాలని హిమజ అడిగితే, వెతికి వెతికి ఆ రంగు రెగ్జిను తెచ్చాను. ఆ అమ్మాయి పొట్టి కాబట్టి డ్రైవరు సీటు ముందుకి జరిపి బిగించాలి. ఎంత జరపాలో చూడ్డానికి నేనే కూర్చుని బ్రేకు తొక్కి చూశాను. రాయిలా ఉంది. నేనేమీ బలహీనుణ్ణి కాదు, రోజూ కాలితో మిషను తొక్కేవాణ్ణి.

"బ్రేకు కొంచెం గట్టిగా లేదా నూకరాజూ?" అన్నాను.

"నేను మూడు రోజులై ఊళ్లో తోల్తన్నాను. గీసిన గీత మీద ఆగుతంది. మీరు సీట్లు సూసుకోండి బాబూ."

నేను నోరు మూసుకుని సీట్లు చూసుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

ఒకటో తారీకు ఇంకా నాలుగు రోజులుందనగా, ఆదివారం పొద్దున్న, బండి సిద్ధమైంది. కడిగి, పసుపు రాసి, బంతిపూల దండ వేసి, నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టారు. హిమజ కొత్త చుడీదారు వేసుకుని వచ్చింది. నూకరాజు ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. పన్నెండేళ్లలో ఆ చొక్కా షెడ్డులో చూడ్డం అదే మొదలు. కొబ్బరికాయ కొట్టాడు. స్టార్టు చేస్తే ఇంజను ఒక్క తిప్పుకి అందుకుంది.

మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. ముందు చక్రం దగ్గర వంగి, కాసేపు అలాగే ఉండి, లేచాడు.

"మార్కెట్టు ఎనకాలకి తీసుకెల్దాం పదండి," అన్నాడు. "ఆదివారం గదా, బళ్లుండవు."

మార్కెట్టులో బెల్లం గోడౌన్ల వెనక ఒక రోడ్డుంది. గోడౌన్లు ఎత్తు మీద కట్టారు, ఆ రోడ్డు అక్కణ్ణించి మెయిన్ రోడ్డు దాకా ఏకంగా కిందకి దిగుతుంది. మామూలు రోజుల్లో లారీలతో నిండిపోయి ఉంటుంది. ఆదివారం పిల్లి కూడా తిరగదు. నూకరాజు కారు పైదాకా తోలి, మొహం దిగుడు వైపు తిప్పి ఆపాడు. నేను వెనక సీట్లో ఉన్నాను, కుట్టు ఎక్కడైనా లాగుతోందేమో చూడాలని. మేస్త్రి నడిచి వచ్చాడు. వస్తూ వస్తూ నా దుకాణంలోంచి స్టూలు ఒకటి చంకలో పెట్టుకొచ్చాడు. ఎందుకో నాకు అర్థం కాలేదు.

"నూకా, ఇక్కడే తాళమియ్యి," అన్నాడు. "ఇచ్చి, అనాల్సిన మాట అను. పాపని ఒక్కర్తినే తోలమను. మరీ నెమ్మదిగా కాదు, ఘాటీలో ఎలగ దిగుతాదో అలగ. కింద నా కాడికొచ్చి ఆపమను."

"అలగే గురువుగారూ," అన్నాడు నూకరాజు, ఉత్సాహంగా.

మేస్త్రి దిగుడు వెంట నడుచుకుంటూ వెళ్లాడు. చివరిదాకా వెళ్లి, రోడ్డుకి సరిగ్గా నడిమధ్య స్టూలు వేసి, మా వైపు తిరిగి కూర్చున్నాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. అంత దూరం నించి ఆయన చాలా చిన్నగా కనిపించాడు.

నేను కారు దిగాను. హిమజ డ్రైవరు సీట్లో కూర్చుని, చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది. నూకరాజు జేబులోంచి తాళం తీశాడు. ఆ అమ్మాయి కిటికీలోంచి అరచెయ్యి చాపింది.

"ఇంక నాది..." అన్నాడు నూకరాజు. అక్కడితో ఆగిపోయాడు.

కిందకి చూశాడు. గురువు కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"అన్నా, మేస్త్రి గారిని పక్కకి తప్పుకోమనవా?" అంది హిమజ. "నాకు భయంగా ఉంది."

భయమన్న మాటకే కాబోలు, ఆ అమ్మాయి కాళ్లు రెండూ బిగుసుకుని కిందకి దిగాయి. క్లచ్చి, బ్రేకు, రెండూ ఒక్కసారే. నూకరాజు కిటికీలోంచి ఆ కాళ్లని చూశాడు. అంచుల్లో వాన నీరు జోరుగా దిగిన చారలున్న ఆ రోడ్డుని చూశాడు. ముందు బానెట్‌ని చూశాడు. దాని కింద ఎంత బరువు పెట్టాడో అతనికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఎడం కాలు క్లచ్చి తొక్కేస్తే ఆ ఇంజను బండిని పట్టి ఉంచదనీ, ఆ బరువంతా ఆ పాత డ్రమ్ముల మీద, ఆ చిన్న కుడికాలి మీద పడుతుందనీ కూడా అతనికి తెలుసు. ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎంతసేపు నిలబడ్డాడో నేను చెప్పలేను. ఇస్తాడేమో అనిపించింది ఒక క్షణం. అతని పరువంతా అక్కడే ఉంది, షెడ్లవాళ్లు నలుగురు గోడ దగ్గర నిలబడి చూస్తున్నారు.

తాళం మళ్లీ జేబులో వేసుకున్నాడు.

"దిగమ్మా," అన్నాడు.

ముందు చక్రం కింద ఒక రాయి పెట్టాడు. ఆ రోడ్డు వెంట నడుచుకుంటూ కిందకి వెళ్లాడు. నేనూ వెనకాలే వెళ్లాను, నా స్టూలు కోసమని చెప్పుకున్నాను గానీ అందుకు కాదు.

"లెగండి గురువుగారూ."

"ఏం? పాప రాదా?"

"రాదు."

"ఎందుకు రాదు?"

నూకరాజు తలదించుకున్నాడు. ఇస్త్రీ చొక్కా వీపంతా తడిసిపోయింది.

"ఎక్కడం ఒకటే సూసినాను," అన్నాడు.

మేస్త్రి లేచి, పంచె దులుపుకున్నాడు. ఆయన గొంతులో కోపం లేదు.

"నేనయితే లెగిసి పక్కకి పోగల్ను రా. కొండ మీద ఆవుల్ని తోలుకొచ్చీ ముసిలోడు పోలేడు గదా."

అంతే అన్నాడు. స్టూలు నా చేతికిచ్చి, మెయిన్ రోడ్డు మీదుగా ఇంటికి వెళ్లిపోయాడు.

హిమజ ఏడ్చింది. ఒకటో తారీకుకి కారులో చేరతానని ఇంట్లో అందరికీ చెప్పుకుంది పాపం. నూకరాజు ఏ సాకూ చెప్పలేదు. "తప్పు నాదేనమ్మా. నెల రోజులు బస్సులో పో. ఆదివారం ఇంటికొచ్చినప్పుడు ఓ గంట ఇక్కడికి రా," అన్నాడు. ఆ అమ్మాయి అతన్ని కోపంగా చూసి వెళ్లిపోయింది. పై ఆదివారం మాత్రం వచ్చింది.

మూడు వారాలు కష్టపడి బిగించిన ఇంజనుని రెండు రోజుల్లో విప్పేశాడు. మా వరసలో ఆటలు పట్టించనివాడు లేడు. "జీపుల్ని దాటేసినావేట్రా?" అని ఒకడు, "జిలేబీ మళ్లీ ఎప్పుడురా?" అని ఇంకొకడు. మామూలుగా అయితే నూకరాజు మాటకి మాట అప్పజెప్పేవాడే. ఈసారి తలెత్తలేదు.

ఇంకో ఇంజను తెచ్చాడు. పెట్రోలుది, పాతదాని బరువే ఇంచుమించు, బలం ఓ పిసరు ఎక్కువ. ఘాటీ నిదానంగా ఎక్కుతుంది, జీపులు దాటిపోతే పోనీ. కోసిన చట్రం మళ్లీ అతికాడు. ఈసారి ఇంజను కంటే ముందు బ్రేకులు పట్టుకున్నాడు. ముందు చక్రాలకి పెద్ద బండివి, కొత్త రకం బ్రేకులు అమర్చాడు. కాలు మెల్లగా నొక్కినా గట్టిగా పట్టేలా బూస్టరు పెట్టాడు.

ఆ బ్రేకు తన కాలితో తొక్కి చూడ్డం మానేశాడు. మా ఆవిణ్ణి రెండుసార్లు కబురంపి పిలిపించాడు. కారులో ఎక్కించి తిప్పుతాడేమో అనుకుని ఆవిడ మొదటిసారి పట్టుచీర కట్టుకొచ్చింది. సీట్లో కూర్చోబెట్టి, పదిసార్లు బ్రేకు తొక్కించి, గట్టిగా ఉందా, తేలిగ్గా ఉందా అని అడిగి, పంపించేశాడు. ఆవిడ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆదివారాలు హిమజ వచ్చేది. గోడౌన్ల వెనక ఆ రోడ్డు మీద, మేస్త్రి పాత జీపులో, కిందకీ పైకీ, కిందకీ పైకీ. నూకరాజు పక్కన కూర్చుని ఒకటే మాట.

"భయమేత్తే కుడికాలమ్మా. ఎడం కాలు నీది కాదనుకో."

"నాది కాకపోతే ఎవరిదన్నా?"

"నాదనుకో. నేను సెప్పీదాకా తొక్కకు."

నాలుగో ఆదివారానికి, ఎదురుగా కుక్క అడ్డం వచ్చినప్పుడు, ఎడం కాలు కదల్లేదు. నూకరాజు ఆ రోజు మా దుకాణానికి వచ్చి ఆ సంగతి చెప్పాడు. చాలా నెమ్మదిగా చెప్పాడు. మిషను ఆపితే తప్ప నాకు వినపడలేదు.

మరుసటి సోమవారం పొద్దున్నే బండి షెడ్డు బయట నిలబడింది. ఈసారి దండలూ నిమ్మకాయలూ లేవు. గోడ దగ్గర చూసేవాళ్లూ లేరు. మేస్త్రి అలవాటు ప్రకారం బండి చుట్టూ తిరిగాడు. బ్రేకు ఒకసారి చేత్తో నొక్కి చూశాడు. తరవాత నూకరాజు వైపు చూశాడు. ఇవ్వొచ్చని ఆ చూపుకి అర్థం, నాక్కూడా తెలిసింది.

నూకరాజు తాళం హిమజ చేతికివ్వలేదు. తానే బండిలో పెట్టి తిప్పి, దిగి, ఆ అమ్మాయిని కూర్చోమని, చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు.

"నేనూ వత్తన్నాను పద," అన్నాడు.

కారు చోడవరం రోడ్డు వైపు తిరిగి వెళ్లిపోయింది. నాకు లోపల కొంచెం బాధేసింది. కుర్రాడు భయపడిపోయాడు, ఇంక ఎప్పటికీ తాళం ఇవ్వలేడు అనుకున్నాను. మేస్త్రి మొహం చూద్దామంటే ఆయన అప్పటికే ఓ వ్యాను కింద ఉన్నాడు. ఆ రోజంతా ఆయన ఆ వ్యాను కిందే ఉన్నాడు. దానికి అంత పని లేదని నాకు తెలుసు.

నాలుగు గంటలప్పుడు నూకరాజు బస్సు దిగి వచ్చాడు. జుట్టు నిండా ఎర్రదుమ్ము. షెడ్డు బయట కుళాయి దగ్గర మొహం కడుక్కుని, బల్ల మీద కూర్చున్నాడు. మేస్త్రి వ్యాను కింద నించి బయటకి వచ్చాడు.

"పాప?"

"డ్యూటీకి పోయింది. ఘాటీ కింద నన్ను దింపేసి, మళ్లీ పైకెల్లింది."

"ఒక్కర్తినేనా?"

"ఒక్కర్తినే."

"తాళం?"

"ఇచ్చినాను."

"ఎక్కడిచ్చినావు?"

"ఇద్దరం పైదాకా ఎల్లినాం. అక్కడ ఇవ్వలేదు. మళ్లీ ఎనక్కి తిప్పించి కిందదాకా దిగినాం. ఓ మలుపులో ఆవులు అడ్డమొచ్చినాయి, ఆపింది. కొండంతా దిగినాక, అప్పుడు ఇచ్చినాను."

"ఏటన్నావు?"

"నాది పూచీ అన్నాను."

మేస్త్రి పక్కనే కూర్చున్నాడు. నేను మిషను ఆపేసి కూర్చున్నాను, వినాలని ఉంది మరి.

"బండి మలుపు తిరిగి కనపడకుండా పోయింది గురువుగారూ," అన్నాడు నూకరాజు. "బస్సెక్కి కూకున్నాను. టిక్కెట్టు తీసుకుందారంటే సెయ్యి ఒణికింది. సిల్లర కింద పడిపోయింది. అన్నీ సరిగ్గానే సేసినాను. ఐనా గాని ఒణికింది."

తన కుడిచెయ్యి ఎదురుగా పట్టుకుని చూసుకున్నాడు, ఎవరిదో అయినట్టు.

మేస్త్రి కూడా ఆ చేతిని చూశాడు.

"ఇంకా ఒణుకుతందా?"

"ఒణుకుతంది."

"అయితే రేపట్నించి తాళాలు నువ్వే ఇయ్యి," అన్నాడు మేస్త్రి.